గుత్తి రోడ్డు షెడ్డులో పాత పెయింటు గీకించుకున్నా

అనంతపురంలో కారుకు పెయింటు కొట్టేవాళ్లకు కరువు లేదు. పాత పెయింటు సరిగ్గా తీసేవాళ్లకే కరువు. పైపైన ఎమిరీ రుద్ది, లాంబీ (పుట్టీ) పట్టించి, మెరిసేట్టు చేసి పంపుతారు. ఆర్నెల్లు తిరక్కుండానే బుడగలు లేస్తాయి. నాది 2006 మారుతి 800, సిల్వర్. ఇంతకుముందు వేరే చోట కొట్టించిన క్లియర్ కోటు (రంగు పైన వేసే రంగులేని మెరుపు పూత) మన ఎండకు రూఫ్ మీదా బానెట్ మీదా పొలుసులు పొలుసులుగా లేచిపోయింది. తెలిసినాయన చెప్తే గుత్తి రోడ్డులో ఈ షెడ్డుకు తీసుకుపోయినా. బోర్డు లేదు. రేకుల షెడ్డు, కింద కడప బండలు.

షెడ్డు మేస్త్రిని అందరూ భాయ్ అంటారు. ఆయన రేటు మాట్లాడకముందే పాత స్పీకర్‌లోంచి తీసిన అయస్కాంతానికి గుడ్డ చుట్టి కారు మొత్తం ఆనించి చూసినాడు. బానెట్ ఎడమ మూలలో అది పట్టుకోలేదు, జారి కింద పడింది. "ఈడ పుట్టీ మందంగా పెట్టినారు సార్, కింద సొట్ట ఉంటాది" అన్నాడు. గీకినాక చూస్తే నిజంగానే ఉంది. డోర్లు తట్టి చూసి, "వీటికి పెయింటు ఊడగొట్టే రిమూవర్ ఎందుకు, దుడ్లు దండగ. పెయింటు గట్టిగా ఉండాది, 400 వాటర్ పేపర్ కొట్టి దాని మీదనే ఏసుకోవచ్చు" అన్నాడు. నేను బండి మొత్తం గీకించాలనే పోయినా. చేతికొచ్చిన పనిని తానే తగ్గించుకునే మేస్త్రి మీకెక్కడైనా తగిలినాడా?

అట్ల రూఫ్, బానెట్, డిక్కీ మూడింటికే ఆ రిమూవర్ మందు పూసినారు. ఆ పూయడం దగ్గర నిలబడి చూడాల్సిందే. బ్రష్షును ఒకే దిక్కుకు లాగుతారు, మందంగా, మళ్లీ వెనక్కి రుద్దరు. ఆ రిమూవర్‌లో ఉండే మిథిలీన్ క్లోరైడ్ 40 డిగ్రీల దగ్గరే మరుగుతుంది. మన మే నెల మధ్యాహ్నం ఎంతుంటుందో చెప్పక్కర్లేదు, పెయింటును కొరికేలోపే గాలికి పోతుంది. అందుకని తెల్లవారి చల్లపొద్దులోనే పూసి, పైన పాలిథిన్ కవరు కప్పినారు. కాసేపటికి కవరు కింద పెయింటు పాల మీద మీగడ మాదిరి ముడతలు పడింది. పుట్టీ బ్లేడుతో తోస్తే క్లియర్, సిల్వర్, బూడిద రంగు ప్రైమర్ అన్నీ కలిసి చుట్టుకుని వచ్చినాయి. అడుగున కంపెనీ వేసిన ప్రైమర్ మాత్రం అంత సులభంగా వదల్లేదు, రెండోసారి మందు పూయాల్సి వచ్చింది.

అంచుల్లో, రేకు మడతల్లో మందు పూయలేదు. అంగుళం మేర టేపు వేసి వదిలి, ఆ భాగం చేత్తో రుద్దినారు. మడతలో మందు ఇరుక్కుంటే కొత్త పెయింటును లోపల్నుంచి లేపుతుందట. "గ్రైండర్‌కు వైర్ బ్రష్ పెడితే గంటలో అయిపోతుంది కదా భాయ్" అన్నా. "పల్చని రేకు సార్, వేడెక్కితే అలలు లేస్తాది. పెయింటు మెరిసినాక ఎండలో కనపడతాది" అన్నాడు. గీకిన ప్యానెల్‌ను గీకినట్టే కడిగి, ఆరబెట్టి, 180 పేపర్ కొట్టి, థిన్నర్ గుడ్డతో తుడిచి, ఆ సాయంత్రమే ఎపాక్సీ ప్రైమర్ వేసినారు. ఉత్త రేకును రాత్రంతా వదల్లేదు. తుప్పు పట్టేది అక్కడే మరి.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. బంపర్లు, లైట్లు విప్పినవాళ్లు వెనక గాజు బీడింగును మాత్రం విప్పకుండా టేపుతో సరిపెట్టినారు. మందు దిగి రబ్బరు ఉబ్బిపోయింది. అడిగితే మాట్లాడకుండా కొత్తది వేయించినాడు. మందు పూసే కుర్రోడికి గ్లౌజుల్లేవు, మాస్కు లేదు. అది చర్మం మీద పడితే మంట, పీలిస్తే ఒంట్లో కార్బన్ మోనాక్సైడ్‌గా మారే సరుకు. గ్లౌజులు నేనే కొనిచ్చినా. నా ముందర వేసుకున్నాడు, పక్కకు పోగానే తీసేసినాడు. ఇక చెప్పిన రోజుకు బండి ఇస్తాడని మాత్రం అనుకోవద్దు.

ఫైనల్ కోటు ఇక్కడ వద్దు. షెడ్డు చుట్టూ తెరిచే ఉంది. గాలిమరలు పెట్టుకునే జిల్లా మాది, క్లియర్ ఆరేలోపు దాని మీద ఎంత దుమ్మైనా వాలుతుంది. ప్రైమర్ దాకా ఇక్కడ చేయించుకుని, కలర్, క్లియర్ మాత్రం బూత్ (దుమ్ము రాకుండా మూసిన పెయింటు గది) ఉన్న చోట కొట్టించుకోండి. నేను అట్లనే చేసినా. రంగు మార్చే ఆలోచన ఉంటే ఆర్‌సీలో కూడా మార్పించుకోవాల, భాయ్ కూడా ముందే ఆ మాట అడుగుతాడు.

కూలి మూడు ప్యానెళ్లకు 6,500. రిమూవర్, ప్రైమర్ మనమే తెచ్చియ్యాల. ఫోన్ చేస్తే ఎత్తడు, పొద్దున తొమ్మిది లోపు నేరుగా పొండి. శుక్రవారం మధ్యాహ్నం మాత్రం ఉండడు.