కర్నూలు ఆపరేషన్ థియేటర్లకు పొలారిస్ వేగా కెమెరా: కొనేముందు చూసుకోవాల్సినవి

న్యూరో, ఈఎన్‌టీ ఆపరేషన్లకు నావిగేషన్ (పనిముట్టు మొన రోగి లోపల ఎక్కడుందో స్కాన్ బొమ్మ మీద చూపించే ఏర్పాటు) పెట్టుకోవాలనుకునే మన ఊరి ఆసుపత్రులకు మా మాట ముందే చెప్పేస్తాం. పొలారిస్ వేగా ఎస్‌టీ కెమెరా మంచి సరుకు, తీసుకోవచ్చు. కెనడాలోని ఎన్‌డీఐ కంపెనీ తయారీ. పేరున్న నావిగేషన్ మెషీన్లు చాలావాటికి కెమెరా ఈ కంపెనీ నుంచే వస్తుంది. అయితే బ్రోచర్‌లోని 0.12 మిల్లీమీటర్ల అంకె చూసి మాత్రం కొనకండి.

ఆ అంకె మార్కర్ బంతి (పనిముట్టుకు బిగించే, వెలుగును తిప్పి పంపే చిన్న గుండు) ఎక్కడుందో కెమెరా ఎంత కచ్చితంగా పట్టుకుంటుందో చెబుతుంది. సర్జన్ చేతిలో ఉన్న సక్షన్ గొట్టం (రక్తాన్ని పీల్చే పనిముట్టు) మొన సంగతి వేరు. పనిముట్టుకు కనీసం మూడు బంతులుంటాయి, వాటి మధ్య దూరాలు ఒకదానితో ఒకటి సమానంగా ఉండవు. కెమెరా ఇన్‌ఫ్రారెడ్ వెలుతురు పంపి, బంతుల మీద నుంచి తిరిగొచ్చే వెలుగును రెండు లెన్సులతో సెకనుకు 60 సార్లు చూసి లెక్క కడుతుంది. మొనను అది చూడదు, బంతులను బట్టి ఊహిస్తుంది. బంతుల దగ్గర ఒక్క డిగ్రీ వంపు తేడా వస్తే, 150 మిల్లీమీటర్ల అవతల ఉన్న మొన దగ్గర అది 2.6 మిల్లీమీటర్లవుతుంది. కంటి నరం పక్కన పనిచేసేటప్పుడు అది చిన్న తేడా కాదు.

ఆ వంపు తేడా బంతుల నుంచే రావచ్చు. ఒక బంతి మీద సగం దాకా రక్తం చుక్క పడిందనుకోండి, కెమెరా మిగిలిన సగాన్నే బంతి అనుకుని కేంద్రాన్ని పక్కకు జరిపేస్తుంది. బంతి పూర్తిగా కప్పుకుపోతే తెరమీద పనిముట్టు మాయమవుతుంది, అది నయం, అందరికీ తెలుస్తుంది. సగం మురికైతే తప్పు చూపిస్తూనే ఉంటుంది. అలాంటి బంతిని తుడిచి వాడొద్దు, మార్చేయాలి. ఒక్క కేసుకే వాడాల్సిన బంతులను మళ్లీ స్టెరిలైజ్ చేసి వాడితే పైపూత దెబ్బతింటుంది. ఖర్చు మిగులుతుందన్న ఆశతో ఈ పని చేయకండి. బంతిని పిన్ను మీద చివరిదాకా నొక్కి బిగించారో లేదో స్క్రబ్ నర్సు వేలితో తిప్పి చూడాలి.

ఆపరేషన్‌కు ముందు తీసి నావిగేషన్ మెషీన్‌లో ఎక్కించే సీటీ స్కాన్ విషయంలో మనకు ఉన్న ఇబ్బంది పెద్దది. ఆదోని, నంద్యాల, గద్వాల నుంచి రోగులు ఫిల్మ్ పట్టుకుని వస్తారు. నావిగేషన్‌కు ఫిల్మ్ పనికిరాదు, 5 మిల్లీమీటర్ల మందం స్లైసులూ (స్కాన్ పొరలు) పనికిరావు. స్లైసు 1 మిల్లీమీటరు లేదా అంతకంటే తక్కువ, మధ్యలో ఖాళీ లేకుండా, గ్యాంట్రీ (స్కానర్ చక్రం) వంచకుండా, ముక్కు కొనా చెవులూ పడేలా తీసి, డైకామ్ ఫైళ్లు (స్కాన్ అసలు కంప్యూటర్ ఫైళ్లు) సీడీలో ఇవ్వమని చీటీ మీదే రాయించండి. నుదుటికి పట్టీ బిగించి స్కాన్ తీస్తే చర్మం లాగినట్టవుతుంది, తర్వాత ముఖం మీద ప్రోబ్‌తో (మొన ఉన్న గురి కడ్డీ) గీసేటప్పుడు స్కాన్‌తో కుదరదు.

రిజిస్ట్రేషన్‌లో, అంటే రోగి ముఖాన్ని స్కాన్ బొమ్మతో జతచేసేటప్పుడు, బుగ్గలు వదిలేయండి, మెత్తటి చోటు కదులుతుంది. నుదురు, కనుబొమ ఎముక, ముక్కు దూలం మీద గీయాలి. స్క్రీన్ మీద చిన్న ఎర్రర్ కనిపించగానే సంబరపడొద్దు. ఆ అంకె చిన్నదైనా లోపల గురి తప్పొచ్చు. ప్రోబ్ మొనను ముక్కు దూలం మీద, చెవి ముందున్న మృదులాస్థి మీద, పై పళ్ల అంచు మీద ఆనించి తెరతో పోల్చుకోవాలి. డ్రేప్ (స్టెరైల్ గుడ్డ) కప్పాక మరోసారి, అనెస్తీషియా వాళ్లు ట్యూబ్ సర్దినప్పుడల్లా ఇంకోసారి. తల ఎక్కడుందో కెమెరాకు తెలియడానికి తలకు బిగించిన రిఫరెన్స్ ఫ్రేమ్‌కు ఎవరి మోచేయి తగిలినా మళ్లీ మొదటి నుంచే. మెదడు ఆపరేషన్లో డ్యూరా (మెదడు మీది గట్టి పొర) తెరిచాక మెదడే జరుగుతుంది, దాన్ని కెమెరా సరిచేయలేదు.

కెమెరాను రోగికి మీటరున్నర నుంచి రెండు మీటర్ల దూరంలో, సర్జన్ భుజం మీదుగా చూసేలా పెట్టండి. హాలోజన్ లైట్లు, మెరిసే స్టీలు ట్రేలు దాని చూపులో ఉండకూడదు. కెమెరా ఆన్ చేయగానే పని మొదలుపెట్టొద్దు, వేడెక్కేదాకా పవర్ లైటు మిణుకుమిణుకుమంటుంది, నిలకడగా వెలిగాకే మొదలుపెట్టాలి. మే నెలలో ఏసీ ఆపేసిన గదిలో దీన్ని వదిలేసి, పొద్దున వెంటనే కేసు పెట్టుకోవడం మంచిది కాదు. యూపీఎస్ తప్పనిసరి. కరెంటు పోయి మెషీన్ ఆగితే ఆపరేషన్ మధ్యలో అన్నీ తిరిగి పైకి లేచేదాకా సర్జన్ ఆగాలి.

ఈ కెమెరాకు దెబ్బ తగిలితే గుర్తుపట్టే సెన్సరుంది. తలుపుకు గుద్దుకున్నా హెచ్చరిక ఇస్తుంది. ఆ హెచ్చరికను నొక్కేసి ముందుకెళ్లకూడదు, అక్యురసీ పరీక్ష కిట్‌తో చూపించాకే కేసు చేయాలి. ఆ కిట్ చాలాసార్లు సర్వీసు ఇంజినీరు దగ్గరే ఉంటుంది, ఆయన ఉండేది హైదరాబాదులోనో బెంగళూరులోనో. అందుకని కొనుగోలు కాగితంలోనే రెండు మాటలు రాయించుకోండి: ఫోన్ చేసిన ఎన్ని గంటల్లో ఇంజినీరు కిట్‌తో కర్నూలు చేరతారో, బంతులు ఎన్ని కేసులకు సరిపడా ముందుగా ఇక్కడ నిల్వ ఉంచుతారో.