గవర్నర్ ప్రైమరీ: టెక్సాస్‌లో ఒకలా, కాలిఫోర్నియాలో ఇంకోలా

ముందు ఒక మాట, అమెరికాలో గవర్నర్ అంటే మన రాజ్‌భవన్ గవర్నర్ కాదు, దాదాపు మన సీఎం లాంటోడు, జనమే ఓటేసి ఎన్నుకుంటారు. ఇక టెక్సాస్‌లో ఓటర్‌గా రిజిస్టర్ అయ్యేటప్పుడు పార్టీ ఏదని అడగరు, మార్చిలో ఏదో ఒక పార్టీ ప్రైమరీకి (నవంబర్ ఎన్నికకి ముందు పార్టీ అభ్యర్థి ఎవరో తేల్చే ఎన్నిక) వెళ్లి ఓటేయొచ్చు, ఎవరికీ 50 శాతం దాటకపోతే మేలో రనాఫ్, అంటే టాప్ ఇద్దరి మధ్య మళ్లీ పోటీ, కాకపోతే మార్చిలో ఒక పార్టీకి వేసి రనాఫ్‌కి ఇంకో పార్టీలోకి దూకుతానంటే కుదరదు. 2018లో డెమోక్రాట్ల దాంట్లో లూపే వాల్డెజ్ అలా రనాఫ్‌లోనే గెలిచింది, నవంబర్‌లో మాత్రం రిపబ్లికన్ గవర్నర్ అబాట్ చేతిలో ఓడిపోయింది. అక్కడ డెమోక్రాట్ గవర్నర్ చివరిసారి గెలిచింది 1990లో, ఆన్ రిచర్డ్స్, అంతే. అందుకే డాలస్ వైపు ఉన్న మనోళ్లకి అసలు పోటీ రిపబ్లికన్ ప్రైమరీలోనే అని నా లెక్క.

కాలిఫోర్నియాలో 2010లో జనం ఓటేసి రూల్ మార్చేశారు, ప్రైమరీలో అన్ని పార్టీల వాళ్లూ ఒకే బ్యాలెట్ మీద, టాప్ ఇద్దరు నవంబర్‌కి, ఇద్దరిదీ ఒకే పార్టీ అయినా సరే. 2018లో గవర్నర్‌కి డెమోక్రాట్ న్యూసమ్, రిపబ్లికన్ కాక్స్ చెరో పార్టీ నుంచి వచ్చారు గానీ అదే ఏడాది సెనేట్‌కి ఇద్దరూ డెమోక్రాట్లే! నాకైతే ఇదే నచ్చింది, కాకపోతే ఒక పార్టీ నుంచి మరీ ఎక్కువ మంది నిలబడితే ఓట్లు చీలి మొత్తం పార్టీయే బయటికి పోయే రిస్క్ ఉంది.