చిటికెన వేలితో తిరిగే స్టీరింగ్‌ను దారికి తెచ్చుకున్నాక నాలుగేళ్లు

నా పాత పికప్ కొన్న కొత్తలో స్టీరింగ్ చిటికెన వేలితో తిరిగేది. ఇరుకు సందులో రివర్స్ తీసేటప్పుడు ఎంతో హాయిగా ఉండేది. హైవే ఎక్కి స్పీడు 80 దాటితే మాత్రం అరచేతులు చెమర్చేవి. టైర్లు రోడ్డు మీద ఉన్నాయో గాలిలో ఉన్నాయో చేతికి తెలిసేదే కాదు. పెద్ద లారీ పక్కనుంచి దాటితే ఆ గాలికి బండి కాస్త జరిగేది. సరిచేయబోయి నేను ఎక్కువ తిప్పేవాణ్ని, మళ్లీ అటు, మళ్లీ ఇటు. తుమ్ము వస్తే పక్క లైన్లోకి పోతానేమోనని టెన్షన్.

బండి 1970ల చివరిది. ముందు వైపు కూడా సాలిడ్ యాక్సిల్ (రెండు చక్రాలనూ కలిపే ఒకే ఇరుసు), కమాన్ కట్టలు, ఫోర్ వీల్ డ్రైవ్, హైడ్రాలిక్ పవర్ స్టీరింగ్. ఆ కాలపు బళ్లలో ఈ తేలిక చాలావరకు కావాలని పెట్టిందే. 1951లో క్రైస్లర్ ఇంపీరియల్‌తో పవర్ స్టీరింగ్ మామూలు కార్లలోకి వచ్చాక చాలా ఏళ్లు ఎంత తేలికైతే అంత గొప్ప అన్నట్టే నడిచింది. నేను మార్పులు చేయించి నాలుగేళ్లు దాటింది, 60 వేల కిలోమీటర్ల పైచిలుకు తిరిగాను. డబ్బు ఎక్కడ దండగైందో, ఎక్కడ పనికొచ్చిందో ఇప్పుడు ధైర్యంగా చెప్పగలను.

ముందుగా నా తెలివితక్కువ పని. స్టీరింగ్ బాక్స్ పైన లాక్ నట్‌తో ఒక అడ్జస్టింగ్ స్క్రూ ఉంటుంది. దాన్ని బిగిస్తే స్టీరింగ్ బిగుస్తుందని ఎవరో చెప్పారు. అరచుట్టు బిగించాను. బిగిసిన మాట నిజమే. కానీ మలుపు తిరిగాక స్టీరింగ్ చక్రం మధ్యకు రావడం మానేసింది, ప్రతిసారీ చేత్తో వెనక్కి లాగాల్సి వచ్చింది. ఆ స్క్రూ ఉన్నది లోపలి పళ్ల మధ్య ఖాళీని సరిచేయడానికి, స్టీరింగ్‌కు బరువు పెంచడానికి కాదు. అలాగే వదిలేస్తే సరిగ్గా మధ్యలో, అంటే బండి రోజంతా ఉండే చోటే, పళ్లు అరిగిపోతాయి. వారం తిరక్కుండానే పాత చోటికి తిప్పేశాను.

తర్వాత స్టీరింగ్‌కు ఆయిల్ ప్రెషర్ అందించే పంపు మీద పడ్డాను. వాల్వ్ దగ్గర వాషర్లు వేసి గరిష్ఠ ప్రెషర్ తగ్గిస్తే చాలంటారు. అది పార్కింగ్‌లో మాత్రమే తెలుస్తుంది. ఎందుకంటే నేరుగా పోతున్నప్పుడు ఆ గరిష్ఠ ప్రెషర్ అవసరమే పడదు, ఆయిల్ ఊరికే తిరుగుతూ ఉంటుంది. హైవే మీద నా చేతికి ఏ తేడా తెలియలేదు. పంపు నుంచి బయటికొచ్చే ఆయిల్ ప్రవాహాన్ని తగ్గించే చిన్న రంధ్రం ఉన్న ఫిట్టింగ్ కూడా వేసి చూశాను. దాంతో కొంచెం మెరుగైంది. కానీ ఐడిల్‌లో రివర్స్ తీస్తూ గబుక్కున తిప్పితే సగంలో సాయం ఆగిపోయి స్టీరింగ్ రాయిలా అయ్యేది. ఆపదలో గబుక్కున తిప్పాల్సి వస్తే ఏంటి సంగతి? తీసేశాను.

అసలు సంగతి అర్థమైంది అలైన్‌మెంట్ రీడింగ్ చూశాకే. ముందు చక్రాల క్యాస్టర్ ఒకటిన్నర డిగ్రీ మాత్రమే ఉంది. సైకిల్ ముందు ఫోర్కు వెనక్కి వాలి ఉంటుంది కదా, క్యాస్టర్ అంటే ఆ వాలే. అది సరిపడా ఉంటే బండి కదులుతున్నప్పుడు చక్రం తనంతట తానే మధ్యకు వస్తుంది, చేతికి కాస్త బరువూ తెలుస్తుంది. పవర్ లేని రోజుల్లో తిప్పడం తేలిక కావాలని దీన్ని తక్కువగా పెట్టేవారు. అదే కొలతకు పవర్ కూడా తోడైతే నా బండిలా తయారవుతుంది. పైగా నా బండికి వెనక కట్టలు ఎవరో ఎత్తు చేయించారు. వెనక లేస్తే ముందు క్యాస్టర్ ఇంకా తగ్గుతుంది. లోడు వేసి వెనక దిగినప్పుడు బండి బుద్ధిగా ఎందుకు నడిచేదో అప్పుడు గానీ వెలగలేదు.

కమాన్ కట్టకూ యాక్సిల్‌కూ మధ్య రెండున్నర డిగ్రీల ఉక్కు వెడ్జ్‌లు, అంటే ఒకవైపు మందంగా ఒకవైపు పలచగా ఉండే ముక్కలు, వేయించాను. నా బండిలో యాక్సిల్ కట్టల కింద ఉంటుంది కాబట్టి మందమైన వైపు వెనక్కి ఉండాలి. తిరగేసి వేస్తే ఉన్న క్యాస్టర్ కూడా పోతుంది, అందుకే బిగించే ముందు రెండుసార్లు చూసుకోండి. అల్యూమినియం వెడ్జ్‌లు వద్దు, బరువుకు నలుగుతాయి. యూ బోల్టులు కొత్తవి వేయించి, వెయ్యి కిలోమీటర్ల తర్వాత మళ్లీ బిగించాను. ఇంకో చిక్కుంది. ఫోర్ వీల్ డ్రైవ్‌లో క్యాస్టర్ పెంచితే ముందు యాక్సిల్ మధ్యలోని గేర్ల డబ్బా, అంటే డిఫరెన్షియల్ మూతి కిందికి వంగి, దానికి ఇంజన్ శక్తిని తెచ్చే ప్రొపెల్లర్ షాఫ్ట్ కోణం పెరుగుతుంది. అందుకే నాలుగు డిగ్రీల దగ్గర ఆగిపోయాను. రెండు వైపులా కొలత సమానంగా ఉండాలి. తేడా ఉంటే తక్కువ ఉన్న వైపుకు బండి లాగుతుంది.

ఆ రోజు హైవే మీద ఎన్నాళ్లకో భుజాలు దింపి కూర్చున్నాను. నా లెక్కలో జబ్బు ముప్పాతిక వంతు అక్కడే నయమైంది.

మిగతా పావు వంతు స్టీరింగ్ బాక్స్‌లోనే ఉంది. స్టీరింగ్ రాడ్డుకూ లోపలి గేరుకూ మధ్య టార్షన్ బార్ అని సన్నటి ఉక్కు కడ్డీ ఉంటుంది. మనం తిప్పగానే ముందు అది మెలిపడుతుంది. ఆ మెలికతో వాల్వ్ తెరుచుకుని ఆయిల్ సాయానికి వస్తుంది. కడ్డీ సన్నగా ఉంటే వేలు తగలగానే సాయం వచ్చేస్తుంది, ఇక రోడ్డు కబుర్లు చేతిదాకా రావు. దీని బిగువు వ్యాసానికి నాలుగో ఘాతంలో పెరుగుతుంది. కడ్డీని పదో వంతు లావు చేస్తే బిగువు సుమారు 46 శాతం ఎక్కువవుతుంది. కాబట్టి లావు కడ్డీ అని అత్యాశకు పోకూడదు. ఒక మెట్టు లావుది వేసి రీబిల్డ్ చేసిన బాక్స్ తీసుకున్నాను. కడ్డీని, వాల్వ్‌ను కలిపి కచ్చితంగా మధ్యకు కుదర్చాలి, అది ఇంట్లో చేసుకునే పని కాదు.

బిగించాక ముందు చక్రాలు జాకీ మీద లేపి, ఇంజన్ ఆపి, ఆయిల్ పోస్తూ ఆ చివర నుంచి ఈ చివరకు ఇరవై సార్లు తిప్పాను. ఈ ఓపిక లేకపోతే ఆయిల్ నురగ కట్టి పంపు ఏడుస్తుంది.

నాలుగేళ్ల తర్వాత? మంచి సంగతి, రోజంతా నడిపినా చేతులు అలసిపోవు. ఎదురుగాలిలో, వానలో బండి గీత తప్పదు. చెడ్డది, ఆగిన చోట తిప్పడానికి ఇప్పుడు రెండు చేతులూ కావాలి. ఇంట్లో పెద్దవాళ్లు నడిపే బండి అయితే వెడ్జ్‌లతో ఆపేయమంటాను, బాక్స్ జోలికి పోనక్కర్లేదు. టైర్లలో గాలి ఎక్కువున్నా, జాయింట్లు అరిగినా ఇవే లక్షణాలు కనిపిస్తాయి కాబట్టి అన్నింటికంటే ముందు అవి చూపించుకోండి. నాకు చక్రాలను తిప్పే కడ్డీల చివరి జాయింట్లు, అంటే టై రాడ్ ఎండ్‌లు, రెండు మార్చాల్సి వచ్చింది. స్టీరింగ్ డ్యాంపర్ కొనమని చాలామంది చెబుతారు. అది కుదుపులను అణుస్తుంది గానీ చక్రాన్ని మధ్యకు తేలేదు.

ఈ మధ్య స్టీరింగ్ బాక్స్ కింద ఉండే పిట్‌మన్ ఆర్మ్ (బాక్స్ తిప్పుడును కడ్డీలకు అందించే చేయి) దగ్గరి సీలులో కొద్దిగా ఆయిల్ చెమ్మ కనిపిస్తోంది. బొట్టు పడేంత కాదు. టైర్లు మార్చే రోజున ఆ సీలు కూడా మార్పిస్తాను.