మామ్మ రాచిప్ప: పన్నెండేళ్ళ వాడకం తర్వాత

ఈ రాచిప్ప, అంటే రాతి వంటగిన్నె, మా మామ్మది. 1943లో, పదిహేనేళ్ళ వయసులో అమలాపురం దగ్గర పల్లెకు కాపురానికి వచ్చినప్పుడు సారెలో తెచ్చుకుంది. డెబ్భై ఏళ్ళు వండింది. 2013లో "ఇక నా వల్ల కాదు, నువ్వు పట్టుకెళ్ళవే" అని పాత చీరలో చుట్టి ఇచ్చింది. అప్పటినుంచి హైదరాబాద్‌లో మా ఫ్లాట్‌లో గ్యాస్ మీద వాడుతున్నాను.

పులుసుకి దీన్ని మించిన గిన్నె నేను చూడలేదు. రాయి మెల్లగా వేడెక్కుతుంది, మెల్లగా చల్లారుతుంది. పొయ్యి కట్టేశాక కూడా ముక్కల పులుసు కాసేపు కుతకుతలాడుతూనే ఉంటుంది, అందుకని కాస్త ముందే దించాలి. చింతపండు రసం ఎంతసేపు మరిగినా కిలుము వాసన రాదు. ఆనపకాయ, తీపి గుమ్మడి ముక్కలు చెదరవు. పొద్దున పెట్టిన పులుసు రాత్రికి ఇంకా బాగుంటుంది.

కష్టాలూ ఉన్నాయి. బరువు ఎక్కువ, తడి చేత్తో ఎత్తితే భయమే. ఇండక్షన్ మీద పనిచేయదు. ఖాళీగా పొయ్యి మీద పెట్టకూడదు. ముందు నీళ్ళో పులుసో పోసి, సన్న సెగ మీద మొదలుపెట్టి తర్వాతే మంట పెంచాలి. ఆఫీసు టెన్షన్ ఉన్న రోజున నేను దీని జోలికి పోను. పలక మీద రాసే బలపం కూడా ఈ జాతి రాయే, మెత్తన. స్టీలు గరిటె గీతలు పెడుతుంది కాబట్టి చెక్క గరిటే వాడాలి. వేడి చిప్పని తడి గట్టు మీద పెట్టొద్దు, చుట్టకుదురు మీద దించండి. సబ్బు వద్దు. శనగపిండి, కొబ్బరి పీచు చాలు.

దీని అంచున వేలి గోరంత పెచ్చు ఊడి ఉంది. 1996 నవంబరు 6 తుఫాను రాత్రి పైనుంచి పెంకు పడి ఊడింది. తెల్లారి చూస్తే పెరట్లో కొబ్బరిచెట్లు ఒక్కటీ నిలబడి లేవు. మామ్మ ఏడవలేదు. అటక మీద తడవకుండా మిగిలిన కొబ్బరి డొక్కలు తీసి, మూడు ఇటుకలు పేర్చి, ఈ చిప్పలోనే పప్పుచారు కాచి పక్కిళ్ళ పిల్లలందరికీ పెట్టింది. అప్పుడు నాకు ఎనిమిదేళ్ళు. ఆ చారు వేడి నాకింకా గుర్తే.

మధ్యలో ఒకటి కొత్తది కొన్నాను. తొందరపడి మూడో రోజే పులుసు పెడితే నిలువునా చీలింది. మామ్మకి ఫోన్ చేసి చెబితే, "పసుపు, నువ్వులనూనె పట్టించావా? వారం రోజులు బియ్యం కడుగు పోసి వెచ్చబెట్టావా?" అంది. అవేవీ చేయలేదు. తప్పు నాదే.

2022లో, తొంభై నాలుగో ఏట మామ్మ పోయింది. ఆ ముందు సంక్రాంతికి చూపు ఆనడం లేదు. చిప్ప చూపించమంటే తీసుకెళ్ళి ఒళ్ళో పెట్టాను. వేలి కణుపుతో రెండుసార్లు తట్టి, చెవి దగ్గర పెట్టుకుని విని, అంచు వెంబడి పెచ్చు దాకా తడిమి, "పగులేం లేదు, బాగానే చూసుకుంటున్నావే" అంది.

మీరు కొనేటప్పుడు కూడా అలాగే తట్టి చూడండి. ఖంగుమని మోగితే తీసుకోవచ్చు, బొంగురుగా పలికితే ఎక్కడో పగులుంటుంది. నలుగురున్న ఇంటికి మధ్య సైజు సరిపోతుంది.