నంబర్ లేని గ్యాలరీ టికెట్: ఇన్నేళ్లు కూర్చుని చూశాక నా అభిప్రాయం

నెల్లూరు వాళ్లకి దగ్గర్లో ఉన్న పెద్ద ఫుట్‌బాల్ టీమ్ అంటే చెన్నైయిన్ ఎఫ్‌సీనే. 2015లో ఒకసారి, 2017-18లో ఇంకోసారి ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) కప్పు కొట్టిన జట్టు. దాని మ్యాచ్‌ల కోసం నేను చాలా సీజన్ల నుంచి రైలెక్కి చెన్నై వెళ్తున్నాను. మన జిల్లాలో టోర్నమెంట్లు జరిగినా వదలను. సీటు నంబర్ ఉన్న టికెట్‌తో చూశాను, ఎక్కడైనా కూర్చోవచ్చనే గ్యాలరీలోనూ చూశాను. స్టేడియం నిండాలంటే ఏం చేయాలని అభిమానుల్లో మాటొచ్చిన ప్రతిసారీ నేను చెప్పేది ఒకటే: గోల్ వెనక ఉన్న ఒక గ్యాలరీని నంబర్ లేకుండా, తక్కువ ధరకి ఇవ్వండి.

ఎందుకంటే మా గుంపు చివరి నిమిషం దాకా తేలదు. ఒకడికి షిఫ్టు మారుతుంది, ఇంకొకడికి పరీక్ష ఉంటుంది. నంబర్ టికెట్లయితే ఇద్దరు ఇక్కడ, ముగ్గురు అక్కడ పడతారు. అలా విడివిడిగా కూర్చునేదానికి ఇంట్లో టీవీలో చూసుకుందామని సగం మంది ఆగిపోతారు. నంబర్ లేకపోతే ఆలస్యంగా వచ్చినవాడు కూడా మా పక్కన సర్దుకుంటాడు. పాడేవాళ్లు, డప్పు కొట్టేవాళ్లు ఒకచోట చేరితే ఆ ఊపు వేరు. చెన్నై జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియంలో మైదానం చుట్టూ పరుగు ట్రాక్ ఉంది కాబట్టి గోల్ వెనక నుంచి ఆట దూరంగా కనిపిస్తుంది. అంత దూరం కూర్చోబెట్టాలంటే ఆ సందడే ఉండాలి.

జర్మనీలో డార్ట్‌మండ్ జట్టు స్టేడియం దక్షిణ గ్యాలరీలో దాదాపు 25 వేల మంది నిలబడి చూస్తారు. ఆ గ్యాలరీ కోసమే వేరే దేశాల నుంచి వచ్చేవాళ్లున్నారు.

ఇక ఇబ్బందులు. మొదటిది కర్చీఫ్. ఆర్టీసీ బస్సు కిటికీలోంచి వేసినట్టే ఇక్కడా వేస్తారు. మొన్న ఒక టోర్నమెంట్‌లో ఒక తమ్ముడు రెండు కర్చీఫులు, ఒక నీళ్ల సీసా, ఒక చెప్పు పెట్టి వరసంతా ఆపేశాడు. అడిగితే "మావోళ్లు వస్తా ఉండార్లే అన్నా" అన్నాడు. హాఫ్‌టైమ్ అయినా ఒక్కడూ రాలేదు. పిల్లల్ని ఎత్తుకుని మెట్ల మీద నిలబడ్డ తల్లిని చూసి నాకు చాలా కోపం వచ్చింది. ఆట మొదలయ్యే విజిల్ వరకే సీటు ఆపొచ్చు, ఆ తర్వాత ఎవరైనా కూర్చోవచ్చు అని మైకులో గట్టిగా చెప్పాలి.

రెండోది ప్రాణాలతో పని. 1989లో ఇంగ్లండ్‌లోని హిల్స్‌బరో స్టేడియంలో తొక్కిసలాట జరిగి 97 మంది చనిపోయారు. అక్కడ గోల్ వెనక మధ్య భాగంలోకే జనాన్ని వదిలారు, అదే సమయంలో పక్క భాగాల్లో చోటు మిగిలే ఉంది. అందుకే మొత్తం ఎన్ని టికెట్లు అమ్మామన్న లెక్క ఒక్కటే సరిపోదు. ఏ భాగంలోకి ఎంతమంది వెళ్లారో గేటు దగ్గరే లెక్కపెట్టి, నిండిన వెంటనే ఆ దారి మూసేయాలి. ఈ ఏర్పాటు చేయలేనివాళ్లు నంబర్ లేని టికెట్ జోలికి పోకూడదు.

స్టేడియం మొత్తాన్నీ ఇలా వదిలేయమని నేను అనను. పక్క స్టాండ్లలో నంబర్ ఉండాల్సిందే. మా అక్క, పిల్లలు వస్తే అక్కడే కూర్చోబెడతాను. స్నేహితులతో వెళ్లేవాళ్లు మాత్రం గ్యాలరీ టికెట్ కొనండి, ఆట మొదలవడానికి గంట ముందే లోపలికి వెళ్లిపోండి.