పాత ఆక్టేవియానా, కొత్త బలేనోనా: నాలుగేళ్ల వాడకం మీద ఒక సమీక్ష

2022 వేసవిలో మా ఇంటివైపు ఒకటి, మా అత్తగారింటివైపు ఒకటి, దాదాపు ఒకే ఖర్చుతో రెండు కార్లు వచ్చాయి. నేను హైదరాబాదులో మొదటి యజమాని దగ్గర 2017 మోడల్ స్కోడా ఆక్టేవియా 1.8 టీఎస్ఐ (1.8 లీటర్ల టర్బో పెట్రోలు ఇంజిను, ఆటోమేటిక్ గేర్లు ఉన్నది) కొన్నాను. గుంటూరు బ్రాడీపేటలో ఉండే మా బావమరిది షోరూమ్ నుంచి కొత్త మారుతి బలేనో, మాన్యువల్ గేర్లది, ఇంటికి తెచ్చుకున్నాడు. కాగితాల ఖర్చులతో సహా ఇద్దరికీ పదకొండు, పన్నెండు లక్షల మధ్యే అయింది. నేను ఉండేది విజయవాడ పటమటలో, ఉద్యోగం గుంటూరులో. ఊరు వెళ్లినా, పెళ్లికి వెళ్లినా, ఒకరి కారు సర్వీసుకు ఇచ్చినా మేమిద్దరం తాళాలు మార్చుకుంటూ ఉంటాం కనుక రెండు కార్లూ నాకు బాగా పరిచయమే. ఇంత డబ్బుతో పాత శక్తిమంతమైన కారు తీసుకోవాలా, కొత్త చిన్న ఇంజిను కారు తీసుకోవాలా అని అడిగేవారికి నా సమాధానం ముందే చెబుతాను. రోజువారీ ప్రయాణంలో ఎక్కువ భాగం హైవే మీద గడిచేవారికి, కారు కొన్నాక మరో లక్షన్నర చేతిలో మిగిలేవారికి పాతదే మేలు. ఈ రెండిటిలో ఏది లేకపోయినా కొత్తది తీసుకోవాలి.

ముందు బలం సంగతి. ఆక్టేవియా ఇంజిను 180 హార్స్‌పవర్ ఇస్తుంది, బలేనోది 90. సరిగ్గా రెట్టింపు అని అందరూ ఈ అంకెలనే పట్టుకుంటారు గాని, ఆక్టేవియా బరువు దాదాపు 1,350 కిలోలు, బలేనో వెయ్యి కిలోలకు లోపే. బరువును లెక్కలోకి తీసుకుంటే ఆ తేడా కాగితం మీద కనిపించినంత ఉండదు. అసలు తేడా టార్క్‌లో, అంటే ఇంజిను తిప్పే బలంలో ఉంది. ఇంజినులోకి గాలిని ఒత్తిడితో నెట్టే టర్బో ఉన్న ఆక్టేవియా 250 న్యూటన్ మీటర్ల టార్క్‌ను 1,250 ఆర్పీఎం (ఇంజిను నిమిషానికి తిరిగే చుట్లు) దగ్గరే అందుకుని 5,000 వరకు నిలబెడుతుంది. టర్బో లేని బలేనో ఇంజిను గరిష్ఠంగా ఇచ్చేది 113, అదీ 4,400 ఆర్పీఎం దాకా తిప్పితేనే. మామూలుగా మనం బండి నడిపేది రెండు వేల ఆర్పీఎం చుట్టూ కాబట్టి కాలు నొక్కిన క్షణంలో చేతికి అందే బలం ఒకదానిలో ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది, మరొకదానిలో గేరు దించి రప్పించుకోవాలి.

ఈ తేడా ఎక్కడ తెలుస్తుందంటే, ఆరు వరుసల పదహారో నంబరు జాతీయ రహదారి మీద కాదు. కృష్ణ మీది కనకదుర్గ వారధి దాటి తాడేపల్లి, మంగళగిరి, కాజ టోల్‌గేటు మీదుగా గుంటూరు వరకు ఏ కారైనా హాయిగానే పోతుంది. నాలుగు, అంతకు మించి వరుసలున్న రహదారిపై కార్లకు కేంద్రం 2018లో నిర్ణయించిన గరిష్ఠ వేగం గంటకు 100 కిలోమీటర్లు, బలేనో ఆ వేగాన్ని రోజంతా నిలబెట్టగలదు. తేడా తెలిసేది గుంటూరు నుంచి పేరేచర్ల, ఫిరంగిపురం మీదుగా నరసరావుపేట వెళ్లే దారిలో, అందులోనూ ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ వరకు. ఆ రోజుల్లో మిర్చి యార్డుకు సరుకు వస్తుంది. టిక్కీలు (మిర్చి బస్తాలు) కొండలా పేర్చుకున్న లారీ గంటకు నలభై కిలోమీటర్ల వేగంతో ముందు నడుస్తూ ఉంటుంది, ఎదురుగా ఖాళీ లారీలు తిరిగి వస్తూ ఉంటాయి, మధ్యలో దొరికే సందు కొన్ని సెకన్లదే. బలేనోలో నేను ముందుగా మూడో గేరుకు దిగి, ఏసీ తగ్గించి, ఇంజిను గోల పెడుతుండగా లారీ పక్కకు వస్తాను. సగం దూరం వచ్చేసరికి ఎదురుగా లైట్లు కనబడితే ముందుకు పోవాలా వెనక్కి తగ్గాలా అన్న లెక్క మొదలవుతుంది. ఆక్టేవియాలో అదే సందులో కాలు సగం నొక్కితే గేరుబాక్సు తనంతట తానే రెండు గేర్లు దిగి, ఆ లెక్క మొదలయ్యేలోపే బండిని లారీ ముందు నిలబెడుతుంది. ఎదురు వాహనానికి ఎదురుగా మనం ఉండే సమయం సగానికి తగ్గడాన్ని నేను సరదాగా చూడను, భద్రతగానే చూస్తాను. ఒకసారి నాతో పాటు ఈ దారిలో వచ్చిన మా బావమరిది కాసేపు మౌనంగా కూర్చుని, “బావా, నీ కారులో దండం పెట్టుకోవాల్సిన పనే లేదు” అన్నాడు.

బలంతో పాటు వచ్చే మిగతా గుణాలను కూడా లెక్కలో వేసుకోవాలి, ఎందుకంటే పాతికేళ్లు నడిపినా తెలియని తేడా ఒక పొడవైన ప్రయాణంలో తెలుస్తుంది. హైదరాబాదు నుంచి రాత్రి తిరిగి వస్తున్నప్పుడు ఆక్టేవియా రోడ్డును పట్టుకునే తీరు, తలుపులు మూశాక లోపల ఉండే నిశ్శబ్దం, నందిగామ దాటాక కూడా నడుము నొప్పి పెట్టని సీట్లు ఇరవై లక్షల పైచిలుకు కారువే, నేను కట్టినది అందులో సగమైనా. వెనక డిక్కీ 590 లీటర్లు, బలేనోది 318. సంక్రాంతికి నలుగురం ఊరు వెళితే ఆ తేడా ఏమిటో అరిసెల డబ్బాలు పెట్టే చోటు కోసం వెతికే మా ఆవిడకు బాగా తెలుసు.

ఇక ఖర్చు. పాత పెద్ద కారు కొనేవారిలో చాలామందికి ముందుగా అర్థం కాని విషయం ఒకటుంది. ఏళ్లు గడిచేకొద్దీ కారు ధర పడిపోతుంది గాని దాని విడిభాగాల ధర పడిపోదు. నేను కొన్నది పదకొండు లక్షల కారు కావచ్చు, కానీ దాని బ్రేకు డిస్కులకు, సస్పెన్షన్ బుష్‌లకు, ఇంజినులో పోసే సింథటిక్ ఆయిలుకు ఆ సంగతి తెలియదు, అవి ఇప్పటికీ ఇరవై లక్షల కారు బిల్లే ఇస్తాయి. బలేనోకు ఏడాది మొత్తానికి అయ్యే సర్వీసు ఖర్చు నా కారుకు ఒక్క మామూలు సర్వీసుకే అవుతుంది. కొన్న మొదటి ఏడాదిలోనే నాలుగు టైర్లు, బ్యాటరీ, ముందు బ్రేకు ప్యాడ్లు, వయసు మీద పడిన రబ్బరు బుష్‌లు మార్పించాను. ఇవి లోపాలు కావు, ఐదేళ్లు తిరిగిన ఏ కారుకైనా వచ్చే అరుగుదలే, కానీ కొత్త కారు కొన్నవాడికి ఇవి ఐదేళ్ల తర్వాత వస్తాయి, పాత కారు కొన్నవాడికి ఐదు నెలల్లో వస్తాయి.

పెట్రోలు ఇంకొక లెక్క. మన రాష్ట్రంలో ఈ నాలుగేళ్లలో లీటరు 110 రూపాయల చుట్టూ తిరిగింది, దేశంలోనే ఎక్కువ ధరల్లో ఇదొకటి. బెంజి సర్కిల్, బందరు రోడ్డు, ఏలూరు రోడ్డు ట్రాఫిక్‌లో ఆక్టేవియా లీటరుకు ఎనిమిది, తొమ్మిది కిలోమీటర్లు ఇస్తుంది, హైవే మీద నిదానంగా నడిపితే పద్నాలుగు దాకా వస్తుంది. బలేనో ఊళ్లో పదిహేను, బయట ఇరవై. నెలకు వెయ్యి కిలోమీటర్లు తిరిగే మనిషికి ఈ తేడా మూడు నాలుగు వేల రూపాయలు. బీమాలో కూడా ఇంజిను పరిమాణమే మాట్లాడుతుంది: 2022 జూన్ నుంచి అమలైన థర్డ్ పార్టీ (మన కారు వల్ల ఎదుటివారికి జరిగే నష్టానికి తప్పనిసరిగా కట్టే బీమా) రేట్లలో 1,000 నుంచి 1,500 సీసీ వరకు కారుకు ఏడాదికి 3,416 రూపాయలైతే, 1,500 సీసీ దాటిన కారుకు 7,897. కారు ఎంత పాతదైనా ఈ భాగం తగ్గదు.

గేరుబాక్సు గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఈ రకం పాత కార్లలో కొనేవాడిని ఎక్కువగా భయపెట్టేది అదే. 1.8 టీఎస్ఐకి ఇచ్చినది ఏడు గేర్ల డీఎస్‌జీ అనే ఆటోమేటిక్ గేరుబాక్సు, ఆయిలులో మునగని పొడి క్లచ్‌లు రెండు ఉండే రకం. ఈ గేరుబాక్సు తట్టుకోగల టార్క్ పరిమితి 250 న్యూటన్ మీటర్లు, ఇంజిను ఇచ్చేదీ సరిగ్గా అంతే, అంటే మిగులు అంటూ లేదు. ఈ కుటుంబపు గేరుబాక్సుల్లో ఆయిలు మార్చడానికి ఫోక్స్‌వ్యాగన్ గ్రూపు 2013లో ప్రపంచవ్యాప్తంగా దాదాపు 16 లక్షల కార్లను వెనక్కి పిలిచిన చరిత్ర ఉంది. పొడి క్లచ్‌కు శత్రువు వేడి. మే నెలలో నలభై రెండు, నలభై మూడు డిగ్రీల ఎండలో వారధి మీద ట్రాఫిక్ ఆగి, అడుగు అడుగునా జరిగేటప్పుడు బ్రేకును కొంచెం కొంచెంగా వదులుతూ కారును పాకిస్తే క్లచ్ ప్లేట్లు సగం పట్టు మీద రుద్దుకుంటూ వేడెక్కుతాయి. అందుకని ముందు బండి జరగగానే నేను జరగను. ఒక కారు పట్టేంత ఖాళీ ఏర్పడేదాకా బ్రేకు గట్టిగా తొక్కి ఉంచి, అప్పుడు ఒక్కసారిగా కదిలి మళ్లీ పూర్తిగా ఆగుతాను. ఆ ఖాళీలో రెండు ఆటోలూ ఒక బైకూ దూరుతాయి, వెనకవాడు హారన్ మోగిస్తాడు, రెండిటికీ అలవాటు పడాలి. నా కారు గేరుబాక్సు ఇప్పటిదాకా విప్పించాల్సిన అవసరం రాలేదు, అయినా దాని పేరుతో లక్షన్నర రూపాయలు ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో విడిగా ఉంచాను. ఆ సొమ్ము కారు ధరలో భాగమే అనుకోలేనివారు ఈ కారు జోలికి పోకపోవడం మంచిది.

మరమ్మతు ఎవరు చేస్తారన్నది ధర కంటే పెద్ద ప్రశ్న. మన ఊరి జవహర్ ఆటోనగర్‌లో లారీ బాడీ కట్టేవారి నుంచి రేడియేటర్ అతికేవారి వరకు దొరకని పనివాడు ఉండడు, మారుతి విడిభాగమైతే ఏ దుకాణంలో అడిగినా మధ్యాహ్నం భోజనం వేళకు బండి సిద్ధం. కానీ ఊళ్లో తిరిగే ఆక్టేవియాలే తక్కువ కనుక వాటి సామాను ఏ దుకాణదారూ నిల్వ పెట్టుకోడు. నా కారు ముందు బంపరు కింద ఉండే ప్లాస్టిక్ కవచాన్ని మా వీధి చివరి స్పీడ్ బ్రేకర్ పగలగొడితే కొత్తది హైదరాబాదు నుంచి వచ్చేసరికి మూడు వారాలు పట్టింది. ఇంజిను, గేరుబాక్సులోని కంప్యూటర్లను చదివే స్కానింగ్ పరికరం ఉండి, దానిలో కనిపించినది అర్థం చేసుకోగల మెకానిక్‌ను కారు కొనడానికి ముందే వెతికి పెట్టుకోవాలి. నాకు ఆటోనగర్‌లో అలాంటివాడు దొరికాడు, కారు చూడటానికి అతన్నే హైదరాబాదు తీసుకెళ్లాను. అమ్మకానికి పెట్టిన మొదటి కారు ఓడోమీటరులో ముప్పై వేల కిలోమీటర్లు చూపిస్తుంటే, గేరుబాక్సు కంప్యూటరులో దానికి రెట్టింపు దాటి కనిపించింది. అక్కడినుంచి నమస్కారం పెట్టి వచ్చేశాం.

విజయవాడలో కొనేవారికి ఇంకొక జాగ్రత్త ఉంది. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు కాలనీలు రోజుల తరబడి నీళ్లలో ఉన్నప్పుడు ఎన్నో కార్లు మునిగాయి. వాటిలో కొన్ని శుభ్రంగా కడిగి, సీట్ల బట్ట మార్చి మళ్లీ అమ్మకానికి వస్తాయి. పైపైన చూస్తే తెలియదు. సీటు బెల్టును చివరిదాకా బయటికి లాగి చూడాలి, మునిగిన కారులో ఆ బెల్టు చివరి మూర మీద బురద గీత ఒకటి ఆరిపోయి ఉంటుంది, దాన్ని కడగాలని ఎవరికీ తోచదు. స్టెప్నీ ఉంచే గుంటలో ఒండ్రు, సీటు కింద వైర్ల కనెక్టర్లలో పచ్చగా పట్టిన చిలుము కూడా చూడాలి. కంప్యూటర్లు ఎక్కువగా ఉండే ఖరీదైన కార్లలో ఈ చిలుము ఏడాది తర్వాత బయటపడుతుంది. కొత్త కారు కొన్నవాడికి ఈ పరిశోధన అంతా లేదు, అది చిన్న లాభం కాదు.

కాగితాల విషయానికి వస్తే, తెలంగాణ నంబరు కారును ఇక్కడికి మార్చుకోవడానికి ఫారం 28తో అక్కడి నుంచి ఎన్ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం), ఫారం 29, 30తో యజమాని పేరు మార్పు, పాత అప్పు ఉంటే ఫారం 35తో దాని తొలగింపు, ఆపైన ఇక్కడ లైఫ్ ట్యాక్స్. కారు వయసును బట్టి పన్ను తగ్గుతుంది గాని తప్పదు. చాలామంది పక్క రాష్ట్రం నంబరుతోనే ఏళ్లకేళ్లు తిప్పుతుంటారు, తనిఖీలో ఆపినప్పుడు తిప్పలు పడతారు. అమ్మేవాడి ధరకు ఈ ఖర్చు కలిపి చూసుకోవాలి.

నేను కొన్ననాటికీ ఇప్పటికీ రెండు విషయాలు మారాయి, రెండూ కొత్త చిన్న కారు వైపే మొగ్గుతున్నాయి. మొదటిది, 2025 సెప్టెంబరు 22 నుంచి 1,200 సీసీకి, నాలుగు మీటర్ల పొడవుకు మించని పెట్రోలు కార్లపై జీఎస్‌టీ 18 శాతానికి తగ్గింది. అంతకుముందు సెస్సుతో కలిపి అది 29 శాతం. రెండోది, బంకుల్లో ఇరవై శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలే దొరుకుతోంది. 2017 నాటి టర్బో ఇంజినును అంత ఇథనాల్‌ను దృష్టిలో ఉంచుకుని తయారు చేయలేదు, మైలేజీ కొంత పడింది, ఇంధన పైపుల రబ్బరును ప్రతి సర్వీసులోనూ చూపించుకుంటున్నాను. 2022 నాటి మా బావమరిది బలేనోకూ ఈ చింత కొంత ఉంది గాని, ఇప్పుడు షోరూమ్ నుంచి వచ్చే కార్లకు లేదు.

ఈ మధ్య మా ఆఫీసులో ఒక కుర్రవాడు ఇదే బేరం గురించి అడిగాడు. అరండల్‌పేటలో ఇల్లు, లక్ష్మీపురంలో పని, నెలకు ఒకసారి తెనాలి. కొత్తదే తీసుకోమన్నాను, స్విఫ్ట్ బుక్ చేశాడు. ఆక్టేవియాను అమ్మే ఆలోచన మాత్రం నాకు లేదు, గుంటూరు ఉద్యోగం ఉన్నంతకాలం, ఆ ఫిక్స్‌డ్ డిపాజిట్ కదలనంతకాలం.