మాస్టర్ కీ పేరు మార్చాలంటే: డాక్స్‌లోనా, ఒక్కసారిగానా, అలియాస్‌తోనా?

లక్స్ (లినక్స్‌లో వాడే డిస్క్ ఎన్‌క్రిప్షన్ ఫార్మాట్) డిస్క్‌లో డేటాను ఎన్‌క్రిప్ట్ చేసే కీ వేరు, మనం టైప్ చేసే పాస్‌ఫ్రేజ్ వేరు. పాస్‌ఫ్రేజ్ పని కీస్లాట్‌లో (డిస్క్ హెడర్‌లోని అరలో) దాచిన ఆ కీని బయటికి తీయడం. ఆ కీనే చాలాకాలం మాస్టర్ కీ అన్నారు. కానీ ఫైళ్లను విడివిడిగా ఎన్‌క్రిప్ట్ చేసే లినక్స్ ఎఫ్ఎస్‌క్రిప్ట్‌లో మాస్టర్ కీ నుంచి ఫైల్ కీలు పుడతాయి. విండోస్ డిస్క్ ఎన్‌క్రిప్షన్ బిట్‌లాకర్‌లో వాల్యూమ్ మాస్టర్ కీ డేటా కీకి తాళం వేస్తుంది. మాట ఒకటే, పనులు మూడు. అందుకే లక్స్ డిస్క్‌లను నడిపే టూల్ క్రిప్ట్‌సెటప్ 'వాల్యూమ్ కీ' అన్న పేరుకు మారడం సబబే. ఇలా పేరు మార్చడానికి దారులు మూడు.

డాక్యుమెంటేషన్ ఒక్కటే మార్చడం అన్నిటికన్నా తేలిక, అన్నిటికన్నా చెడ్డది కూడా. మాన్యువల్‌లో వాల్యూమ్ కీ, ఎర్రర్ మెసేజ్‌లో మాస్టర్ కీ కనిపిస్తే, డిస్క్ తెరుచుకోక కంగారులో ఉన్న మనిషి అవి రెండు కీలనుకుని లేని రెండోదాని కోసం వెతుకుతాడు.

పాత పేరును ఒక్కసారిగా తీసేస్తే చదవడానికి శుభ్రంగా ఉంటుంది. అయితే బూట్ స్క్రిప్ట్‌లో పాత ఆప్షన్ మిగిలి ఉంటే, మెషీన్ పైకే రాదు. లైబ్రరీ ఫంక్షన్ పేరు మారిస్తే దాని మీద ఆధారపడ్డ ప్రోగ్రాములన్నీ విరుగుతాయి. డిస్క్ హెడర్ వివరాలు చూపే లక్స్‌డంప్ కమాండ్ అవుట్‌పుట్‌లోని 'ఎంకే బిట్స్' (ఎంకే అంటే మాస్టర్ కీ) వరుసను మార్చడం ఇంకా ప్రమాదం: దాన్ని కోసుకుని వాడే స్క్రిప్ట్ ఎర్రర్ ఇవ్వకుండానే ఖాళీ విలువతో ముందుకెళ్తుంది.

అందుకే నా ఓటు అలియాస్‌కే, అంటే పాత పేరును కొత్తదానికి మారుపేరుగా ఉంచడానికే. కొత్త ఆప్షన్ హెల్ప్‌లో కనిపించాలి. పాతది హెల్ప్‌లో దాగి ఉన్నా పనిచేయాలి. రెండూ ఒకే వేరియబుల్‌లోకి వెళ్లాలి, రెండింటికీ టెస్టులుండాలి. మాన్యువల్‌లో పాత పేరు ఒక్కచోటైనా ఉంచండి, వెతికేవాళ్లకు దొరకాలి కదా. లక్స్1 హెడర్‌లోని 20 బైట్ల 'ఎంకే-డైజెస్ట్' లాంటి ఫీల్డ్ పేర్ల జోలికి పోవద్దు, అవి ఫార్మాట్ నిర్వచనంలోవి.

మాటను అన్నిచోట్లా మార్చేసే సెడ్ కమాండ్‌ను గుడ్డిగా నడిపితే క్రిప్ట్‌సెటప్‌లోని బిట్‌లాకర్ కోడ్‌లో 'వాల్యూమ్ వాల్యూమ్ కీ' తయారవుతుంది. 'మాస్టర్' వరుస చివర, 'కీ' కింది వరుసలో ఉంటే వరుసల వారీగా వెతికే గ్రెప్‌కు చిక్కదు. ప్రతి మార్పునూ కంటితో చూడాల్సిందే.

అనువాదాలను చివరికి వదిలేయకండి. మూల స్ట్రింగ్‌లో ఒక్క మాట మారినా అనువాద ఫైళ్లను తాజా చేసే ఎంఎస్‌జీమెర్జ్ ఆ ఎంట్రీని ఫజ్జీగా (మళ్లీ సరిచూడాల్సినదిగా) గుర్తిస్తుంది, వాటిని ప్రోగ్రాం వాడే రూపానికి మార్చే ఎంఎస్‌జీఎఫ్ఎంటీ దాన్ని వదిలేస్తుంది, వాడుకరికి ఇంగ్లిష్ కనిపిస్తుంది. ఫజ్జీ గుర్తు చేత్తో తీసేస్తే అనువాదంలో పాత మాటే మిగిలిపోతుంది. స్ట్రింగ్స్ ముందే ఫ్రీజ్ చేసి (ఇక మార్చకుండా ఆపి), విడుదలకు ముందు అనువాదకులకు కనీసం రెండు వారాలివ్వండి.